ఊగుతుంది, మునగదు: పారిస్ నగర చిహ్నం - ఒక పరిశీలన

పారిస్ నగరంలో పాత బడుల గుమ్మాల మీద, పురపాలక భవనాల ముఖద్వారాల మీద, కొన్ని వంతెనల మీద ఒక డాలు చెక్కి కనిపిస్తుంది. డాలు నేల ఎర్రనిది. అడుగున తెల్లని అలలు, అలల మీద తెరచాపలు విప్పుకున్న తెల్లని ఓడ. పైభాగాన అడ్డంగా ఒక నీలి పట్టీ, ఆ పట్టీ నిండా బంగారు లిల్లీ పూలు. డాలు నెత్తిన కోట బురుజుల ఆకారంలో కిరీటం, ఇరుపక్కల ఓక్, లారెల్ కొమ్మలు. వీటితోపాటు లాటిన్ భాషలో మూడే మాటలు: 'ఫ్లుక్టువాట్ నెక్ మెర్గిటుర్'. అలలకు ఊగుతుంది గాని మునగదు అని స్థూలంగా దాని అర్థం.

తెలుగు శాఖ పత్రికలో పారిస్ డాలు ప్రసక్తి ఎందుకని విద్యార్థులు అడగవచ్చు. యానాం నుంచి వచ్చిన విద్యార్థులకు ఈ ప్రశ్న రాకపోవచ్చు. పద్దెనిమిదో శతాబ్ది నుంచి 1954 దాకా, మధ్యమధ్య ఆంగ్లేయుల చేతికి పోతూ వస్తూ, వారి ఊరు ఫ్రెంచి పాలనలో ఉండింది. మిగిలినవారికి నేను చెప్పదలచిన కారణం వేరు. పద్యాన్ని ఎలా చదవాలో మనం తరగతిలో నేర్పుతాం. శాసనాన్ని ఎలా చదవాలో కొంత నేర్పుతాం. చిహ్నాన్ని ఎలా చదవాలో మాత్రం నేర్పం. అందుచేత ఒక చిహ్నం ఎదురైతే వెంటనే పట్టిక వేసుకుంటాం: ఎరుపు త్యాగానికి, తెలుపు శాంతికి, ఓడ ప్రగతికి, పువ్వు సౌందర్యానికి సంకేతం అని. ఈ పట్టిక ఏ ఊరి చిహ్నానికైనా సరిపోతుంది. అన్నింటికీ సరిపోయే వ్యాఖ్యానం ఏ ఒక్కదాన్నీ వివరించలేదు.

చిహ్నాన్ని నిఘంటువులాగా కాక దస్తావేజులాగా చదవాలని నా అభిప్రాయం. దస్తావేజు చేతికి వస్తే మనం ఏం అడుగుతాం? ఎవరు రాయించారు, ఎవరి పేర, ఏ హక్కు కోసం, తరువాత ఎవరు దిద్దారు, ఇప్పుడు ఎవరి స్వాధీనంలో ఉంది అని. పారిస్ చిహ్నానికి ఎనిమిది వందల ఏళ్ళ చరిత్ర తెలుస్తోంది. అందువల్ల ఈ ప్రశ్నలను పరీక్షించి చూసుకోవడానికి అది అనువైనది.

ముద్ర ఎవరిది?

ముద్ర అనే మాటతో మొదలుపెడదాం. తూర్పు చాళుక్యుల రాగి రేకులు చూసినవారికి ఆ రేకులను గుచ్చిన వలయం, వలయం అతుకు దగ్గర పోతపోసిన ముద్ర తెలుసు. ముద్రలో వరాహం, అంకుశం, సూర్యచంద్రులు, 'శ్రీ త్రిభువనాంకుశ' అనే అక్షరాలు ఉంటాయి. ఆ వరాహాన్ని చూసి విష్ణుభక్తి అని రాసి ఊరుకుంటే సగం పనే అయినట్టు. ముద్ర అక్కడ అలంకారానికి లేదు. ఎవరూ రేకు ఊడదీసి మరో రేకు దూర్చకుండా, ఈ దానం నిజంగా రాజు చేసిందేనని రేపటి అధికారి నమ్మేటట్టు చేయడానికి ఉంది. ముద్రకు మొదటి అర్థం అది చేసే పనిలోనే ఉంటుంది.

పారిస్ ఓడ కూడా మొదట ఇలాంటి ముద్రే. ఇప్పుడు మిగిలిన వాటిలో అతి పాతది 1210 నాటిది. దాని మీద ఉన్నది సముద్రపు ఓడ కాదు. ఒక నదీ నావ, మధ్యలో కొయ్య, కొయ్యను బిగించి పట్టిన తాళ్ళు. చుట్టూ లాటిన్ అక్షరాల్లో 'పారిస్ నీటి వర్తకుల ముద్ర' అని ఉంటుంది. అంటే అది ఊరి ముద్ర కాదు, ఒక వర్తక సంఘం ముద్ర.

ఈ 'నీటి వర్తకులు' సేన్ నది మీద సరుకు నడిపేవారు. ఏడవ లూయీ రాజు 1170-71లో వారి పాత హక్కులను ఖాయం చేశాడు. ఆ హక్కుల సారాంశం ఇది. పారిస్ వంతెనలకూ దిగువనున్న మాంత్ పట్టణానికీ మధ్య నది మీద బయటి వర్తకుడెవడూ సొంతంగా సరుకు నడపరాదు. నడపాలంటే పారిస్ సంఘంలోని ఒక వర్తకుణ్ణి భాగస్వామిగా చేర్చుకోవాలి. కాదని నడిపితే సరుకు జప్తు అవుతుంది. పారిస్‌కు ధాన్యం, ద్రాక్షసారా, ఉప్పు, కట్టెలు చాలావరకు నీటి మీదనే వచ్చే రోజులవి. కాబట్టి 1210 నాటి ముద్రలోని నావ సాహసానికో ఆశకో గుర్తుగా పుట్టలేదు. 'ఈ నీరు మాది, మమ్మల్ని కలుపుకోకుండా ఎవరూ పోరాదు' అని చెప్పే గుర్తుగా పుట్టింది.

ఇక్కడ మన తీరాన్ని ఒకసారి తలచుకోవడం ఉపయోగపడుతుంది. నాణెం మీద ఓడ బొమ్మ మనకు కొత్త కాదు. వాసిష్ఠీపుత్ర పులుమావి, యజ్ఞశ్రీ శాతకర్ణి వేయించిన సీసపు నాణేల మీద రెండు కొయ్యల ఓడ ఉంది. పారిస్ ముద్రకు దాదాపు సమకాలికమైన మరో తెలుగు ఆధారం మోటుపల్లి అభయశాసనం. 1244 ప్రాంతంలో కాకతీయ గణపతిదేవుడు వేయించిన ఈ శాసనం సముద్రం మీద వర్తకం చేసేవారికి అభయం ఇస్తుంది. గాలివానకు దెబ్బతిని తీరానికి కొట్టుకొచ్చిన ఓడల సరుకును మునుపటి రాజులు లాగేసుకునేవారని, తాము నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోమని అందులో ఉంది. ఒకే శతాబ్దిలో సేన్ ఒడ్డున నావ బొమ్మ బయటివాణ్ణి ఆపింది, మోటుపల్లి రేవులో రాజు మాట బయటివాణ్ణి రమ్మంది. ఇందులో ఒకరు మంచివారు, ఒకరు చెడ్డవారు అని తేల్చడం నా ఉద్దేశం కాదు. గణపతిదేవుడికి సుంకం కావాలి, పారిస్ వర్తకులకు గుత్త హక్కు కావాలి. రెండూ లెక్కలే. ఓడ బొమ్మ కనిపించగానే 'స్వేచ్ఛ', 'విశాల ప్రపంచం' అని రాయకూడదని చెప్పడానికే ఈ పోలిక తెచ్చాను.

సంఘం ముద్ర ఊరి ముద్ర ఎలా అయింది? పదమూడో శతాబ్దిలో పారిస్ పుర వ్యవహారాలు క్రమంగా ఈ వర్తక సంఘం చేతిలోకి వచ్చాయి. సంఘం పెద్దకు 'వర్తకుల ప్రెవో' అని పేరు. నగర పెద్ద కూడా అతనే అయ్యాడు. పేరు మాత్రం మారలేదు. అయిదు వందల ఏళ్ళ తరువాత కూడా పారిస్ పురపాలక ప్రధానుణ్ణి వర్తకుల ప్రెవో అనే పిలిచారు. ఆ పదవిలో చివరివాడైన ఫ్లెసెల్ 1789 జూలై 14న, బాస్తీయ్ కోట పడిన నాడే, జనం చేతిలో హతుడయ్యాడు. చిన్న సంఘం గుర్తు పెద్ద ఊరి గుర్తు కావడం వెనుక ఉన్న చరిత్ర ఇది. ఊరందరినీ సమావేశపరచి ఓడను ఎన్నుకున్నవారు ఎవరూ లేరు.

తరువాత కట్టిన కథలు

పని మరచిపోయాక బొమ్మకు కథలు పుడతాయి. పారిస్ ఓడకు మూడు కథలు ప్రచారంలో ఉన్నాయి.

మొదటిది, నగరం పుట్టిన ఈల్ ద లా సితే అనే లంక పడవ ఆకారంలో ఉంది కాబట్టి పడవ గుర్తు వచ్చిందని. పటం మీద చూస్తే నిజమే ననిపిస్తుంది. కాని ముద్ర మీద అక్షరాలు లంక పేరు చెప్పడం లేదు, వర్తకుల పేరు చెబుతున్నాయి. పోలిక తరువాత కనిపించింది, కారణం ముందే ఉంది.

రెండోది, ఓడ ఈజిప్టు దేవత ఐసిస్‌దని, పారిస్ పేరులోనే ఆమె పేరు ఉందని. ఇది ధ్వనిని పట్టుకొని చేసిన నిర్వచనం. పారిస్ పేరు అక్కడ నివసించిన పారిసీ అనే గాలిక్ తెగ పేరు నుంచి వచ్చింది. ఇలాంటి నిర్వచనాలు మనకూ కొత్త కావు. కొండలో బెజ్జం పడి కృష్ణమ్మ పారింది కాబట్టి బెజవాడ అయిందని చెప్పుకుంటాం కదా. ఈ కథలను అబద్ధాలని తోసిపారేయనక్కరలేదు. అవి ఊరి పుట్టుక గురించి చెప్పవు. కథ కట్టిన కాలం గురించి, ఊరి గొప్పదనానికి ఆ కాలం ఏది కొలతగా పెట్టుకున్నదో దాని గురించి చెబుతాయి.

మూడో కథకు గట్టి ఆధారమే ఉంది. 1710లో నోత్రదామ్ చర్చి గర్భాలయం కింద తవ్వుతుండగా చెక్కిన రాతిదిమ్మెలు బయటపడ్డాయి. అవి క్రీస్తుశకం మొదటి శతాబ్దిలో, తిబేరియస్ చక్రవర్తి కాలంలో, పారిసీ తెగ నావికులు జూపిటర్ దేవుడి పేర నిలిపిన స్తంభం తాలూకు ముక్కలు. వాటి మీద రోమను దేవతల పక్కనే ఎసుస్, కెర్నున్నోస్ వంటి గాలిక్ దేవతలూ ఉన్నారు. ఇప్పుడవి క్లూనీ మ్యూజియంలో ఉన్నాయి. అంటే నది మీద బతికే సంఘం ఆ ఊళ్ళో ముద్రకు పదకొండు వందల ఏళ్ళకు పూర్వమే ఉంది. అయితే ఆ నావికులకూ మధ్యయుగపు నీటి వర్తకులకూ మధ్య తెగని వారసత్వం ఉందని చెప్పడానికి ఈ రాళ్ళు చాలవు. ఒకే నది ఒకే రకం బతుకును రెండుసార్లు పుట్టించి ఉండవచ్చు.

పూలు, రంగులు

ఇక డాలు పైభాగపు నీలి పట్టీ సంగతి. నీలం మీద బంగారు లిల్లీలు ఫ్రాన్సు రాజుల సొంత గుర్తు. పద్నాలుగో శతాబ్దిలో అవి పారిస్ ఓడ మీదికి వచ్చాయి. అయిదవ చార్లెస్ ఇచ్చాడని పరంపరగా చెబుతారు. వాటిని రాజు చేసిన గౌరవంగానే సాధారణంగా వివరిస్తారు. ఆ శతాబ్దిలో రాజుకూ ఊరికీ మధ్య ఏం జరిగిందో చూసి అప్పుడు పట్టీని చదవాలి.

1356లో ఫ్రాన్సు రాజు ఇంగ్లీషువారికి బందీ అయ్యాడు. కొడుకు చార్లెస్ రాజ్యం నడుపుతున్నాడు. అప్పటి వర్తకుల ప్రెవో ఎతియెన్ మార్సెల్ పన్నుల విషయంలో, పాలన విషయంలో యువరాజుకు ఎదురు నిలిచాడు. అతని పక్షంవారు ఎరుపు నీలం కలిసిన టోపీలు పెట్టుకున్నారు. 1358 ఫిబ్రవరిలో జనం రాజభవనంలోకి చొరబడి యువరాజు కళ్ళ ఎదుటే అతని సేనానులు ఇద్దరిని చంపారు. అప్పుడు మార్సెల్ తన ఎరుపు నీలం టోపీ తీసి యువరాజు తలకు పెట్టాడు. అది ప్రాణరక్షణ, అవమానం కూడా. అదే ఏడాది జూలై చివర మార్సెల్ హతుడయ్యాడు. యువరాజు నగరంలోకి తిరిగివచ్చి తరువాత అయిదవ చార్లెస్‌గా గద్దెనెక్కాడు.

ఈ నేపథ్యంలో చూస్తే ఓడ మీద లిల్లీ పూల పట్టీ రెండు మాటలు ఒకేసారి చెబుతోంది. 'ఈ ఊరు రాజుకు ఆప్తమైనది' అన్నది ఒకటి. 'ఈ ఊరి నెత్తిన రాజున్నాడు' అన్నది రెండోది. డాలు చిహ్నాల శాస్త్రంలో పైపట్టీ స్థానం గౌరవస్థానం. ఆ స్థానం ఓడకు దక్కలేదు. గౌరవించడం, లోబరచుకోవడం ఒకే పట్టీలో ఇమిడిపోయాయి. బిరుదు ఇచ్చినవాడు ఇచ్చే హక్కు తనదేనని కూడా చాటుకుంటాడు. మన ప్రబంధాల పీఠికలు చదివినవారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు.

ఆ రంగుల తరువాతి కథ ఇంకా చిత్రమైనది. 1789 జూలైలో పారిస్ పౌరసైన్యం మళ్ళీ ఎరుపు నీలం గుర్తునే పెట్టుకుంది. వాటి మధ్య రాజవంశపు తెలుపు చేరి మూడు రంగులు అయ్యాయి. తెలుపును చేర్చింది తానేనని లఫయెత్ చెప్పుకున్నాడు. నేటి ఫ్రాన్సు జెండా ఆ మూడు రంగులదే. మరుసటి ఏడాది, 1790లో, ప్రభువంశాల బిరుదులతోపాటు డాలు చిహ్నాలు కూడా రద్దయ్యాయి. పారిస్ ఓడ కూడా ఆ రద్దులో పోయింది. ఊరి రంగులు దేశపు జెండాలోకి వెళ్ళిన కాలంలోనే ఊరి డాలు చెల్లకుండా పోయింది.

తుడిచినవి, తిరిగి రాసినవి

తరువాతి అరవై ఏళ్ళలో డాలును ఎవరెవరు ఎలా దిద్దారో చూస్తే ఫ్రాన్సు రాజకీయ చరిత్ర క్లుప్తంగా కనిపిస్తుంది. 1811లో నెపోలియన్ పారిస్‌కు కొత్త డాలు ఇచ్చాడు. ఓడ ఉంది గాని ముక్కున ఐసిస్ దేవత వచ్చి కూర్చుంది. నీలి పట్టీ పోయి ఎర్ర పట్టీ, లిల్లీలు పోయి మూడు బంగారు తేనెటీగలు వచ్చాయి. తేనెటీగ నెపోలియన్ సామ్రాజ్యపు గుర్తు. ఇందాక మనం తోసిపుచ్చిన నిర్వచనమే ఇక్కడ రాజముద్ర ఎక్కింది. 1817లో పద్దెనిమిదో లూయీ తేనెటీగలను, ఐసిస్‌ను తీసివేసి లిల్లీలను తిరిగి పెట్టాడు.

ఇన్ని మార్పుల్లోనూ ఓడ జోలికి ఎవరూ పోలేదు. పైపట్టీ పాలకుడిది, కింది ఓడ ఊరిది అనే ఒప్పందమేదో ఉన్నట్టు ప్రతి పాలకుడూ పైనే దిద్దాడు. కాని ఓడ కూడా ఉన్నది ఉన్నట్టు లేదు. తెరచాప లేని నదీ నావ శతాబ్దాల మీదుగా తెరచాపలు విప్పిన సముద్రపు ఓడ అయింది. పారిస్ సముద్రానికి చాలా లోపల ఉన్న ఊరు. అలాంటి అలలు సేన్ నదిలో లేవవు. సరుకు మోసే నావ ఏ రోజు ఎవరి సరుకు మోసిందో మనం అడగగలం. మహాసముద్రపు ఓడను ఆ ప్రశ్న అడగబుద్ధి కాదు. బొమ్మ అందం పెరిగేకొద్దీ దాని లెక్కల పుస్తకం మూతపడింది.

1853 నవంబరు 24న సేన్ జిల్లా ప్రిఫెక్టు ఓస్మాన్ ఉత్తర్వుతో లాటిన్ వాక్యం అధికారికంగా చిహ్నంలో చేరింది. ఆ వాక్యం అంతకుముందు లేనిది కాదు. పదహారో శతాబ్ది నుంచే నగర పెద్దలు వేయించిన బిళ్ళల మీద కనిపిస్తుంది. ఓస్మాన్ దానికి శాశ్వతమైన హోదా ఇచ్చాడు. అయితే ఓస్మాన్‌ను నియమించింది మూడో నెపోలియన్ చక్రవర్తి. అప్పటి పురపాలక సభ్యులు కూడా నియమితులే, ప్రజలు ఎన్నుకున్నవారు కారు. పాత వీధులను కూల్చి వెడల్పు దారులు వేయించిన అధికారి ఇతడే. ఆ పనిలో ఇళ్ళు కోల్పోయి ఊరి అంచులకు వెళ్ళినవారు ఎందరో. అలాంటి అధికారి చేతి మీదుగా 'మునగదు' అన్న మాట ఊరికి దక్కింది. 1871 మే నెలలో కమ్యూన్ చివరి రోజుల్లో ఒతెల్ ద వీల్ అనే నగర భవనం కాలిపోయింది, ఎన్నో పాత పత్రాలు దానితోపాటు పోయాయి. ఆ తరువాత ఎన్నికైన సభ వచ్చింది గాని 1977 దాకా పారిస్‌కు నగర మేయరు లేడు. డాలు, కిరీటం, సూక్తి ఉన్నాయి, ఊరి తరఫున మాట్లాడే ఎన్నికైన పెద్ద లేడు. చిహ్నపు వైభవం చూసి పౌరుల అధికారాన్ని ఊహించుకోకూడదని దీనివల్ల తెలుస్తుంది.

మూడు మాటల అనువాదం

ఇక సూక్తిని భాషాదృష్టితో చూద్దాం. తెలుగు విద్యార్థికి ఇక్కడ ఇంగ్లీషు చదివేవారికి లేని సౌకర్యాలు కొన్ని, ఇబ్బందులు కొన్ని ఉన్నాయి.

మొదటిది కర్త లేకపోవడం. ఏది ఊగుతుంది? లాటిన్ వాక్యం చెప్పదు, క్రియ రూపమే చెబుతుంది. తెలుగులోనూ 'ఊగుతుంది' అంటే చాలు. బొమ్మ చూస్తే ఓడ, ఊరు చూస్తే ఊరు. ఇంగ్లీషులో ఏదో ఒక సర్వనామం పెట్టక తప్పదు. మన వాక్యం ఈ విషయంలో మూలానికి దగ్గర.

రెండోది మొదటి క్రియ. 'ఫ్లుక్టువాట్' అల అనే నామం నుంచి పుట్టిన క్రియ. 'ఊగుతుంది' అంటే ఉయ్యాల గుర్తొస్తుంది, అందులో సుఖం ఉంది. 'తూలుతుంది' అంటే తాగినవాడు గుర్తొస్తాడు. 'అల్లల్లాడుతుంది' అంటే బాధ మరీ ఎక్కువ, జాలి వస్తుంది. మూలంలో జాలీ లేదు, సుఖమూ లేదు. అలల మీద ఉన్నది అలలతోపాటు కదులుతుంది, అంతే. శీర్షికలో నేను 'ఊగుతుంది' అని వాడాను గాని అది పూర్తిగా సరిపోయిందని అనుకోవడం లేదు.

మూడోది రెండో క్రియ. 'మెర్గిటుర్' రూపంలో కర్మణి. మునుగు, ముంచు అని మనకు రెండు ధాతువులున్నాయి కాబట్టి 'మునగదు', 'ముంచబడదు' అని రెండు విధాలా చెప్పవచ్చు. రెండోది మూలానికి రూపంలో దగ్గర, తెలుగు నుడికారానికి దూరం. పైగా కాలం సమస్య ఉంది. లాటిన్ క్రియ వర్తమానంలో ఉంది. తెలుగులో 'మునగదు' అనే వ్యతిరేక రూపం స్వభావాన్నీ భవిష్యత్తునూ కలిపి చెబుతుంది. అంచేత తెలుగులో ఆ మాట కొంచెం శపథంలాగా వినిపిస్తుంది. 'మునగలేదు' అంటే గతానికి సాక్ష్యం, రేపటికి హామీ లేదు. 'మునగడం లేదు' అంటే ఈ క్షణపు వార్త. ఈ మూడింటిలో దేన్ని ఎంచుకుంటే చిహ్నం అలా మాట్లాడుతుంది. ఓస్మాన్ ఉత్తర్వు 'మునగదు' అని శపథం చేసింది. చరిత్రకారుడు అనగలిగింది 'మునగలేదు' అని మాత్రమే.

వాక్యం జనం నోట పడ్డప్పుడు

ఈ మాటలు చాలాకాలం రాతి మీదనే ఉన్నాయి. 1964లో జార్జ్ బ్రాసెన్స్ స్నేహితుల పడవ మీద కట్టిన పాటలో వాటిని వాడుకున్నాడు. పాట ద్వారా లాటిన్ రానివారికీ అవి పరిచయమయ్యాయి.

2015 నవంబరు 13 రాత్రి పారిస్‌లోనూ శివారులోని సేన్-దెనీలోనూ జరిగిన దాడుల్లో 130 మంది చనిపోయారు. తరువాతి రోజుల్లో రిపబ్లిక్ కూడలిలో కొందరు గోడ చిత్రకారులు నల్లని నేల మీద తెల్లని పెద్ద అక్షరాలతో ఆ మూడు మాటలు రాశారు. ఈఫెల్ టవర్ మీద కూడా వెలుతురుతో ఆ వాక్యం కనిపించింది. రెండింటికీ తేడా ఉంది. టవర్ మీద వెలిగించినది అధికారులు. గోడ మీద రాసినవారిని ఎవరూ నియమించలేదు. వర్తకుల గుత్త హక్కు నుంచి పుట్టి, రాజుల పట్టీ కింద నలిగి, ప్రిఫెక్టు ఉత్తర్వుతో ఖాయమైన చిహ్నం ఆ రోజు మొదటిసారిగా దుఃఖంలో ఉన్న మామూలు మనుషుల మాట అయిందని నాకనిపిస్తుంది. ఆ గోడ ముందు నిలబడి పువ్వులు పెట్టినవారిలో 1210 నాటి ముద్ర సంగతి తెలిసినవారు ఎందరున్నారో గాని, తెలియకపోవడం వల్ల వారి మాటకు బలం తగ్గలేదు.

ఇక్కడ నా వాదానికే ఒక చిక్కు వస్తుంది. చిహ్నాన్ని పుట్టుకను బట్టి చదవాలని మొదట చెప్పాను. పుట్టుకనే పట్టుకుంటే 2015 నాటి గోడ రాత పొరపాటు అనవలసి వస్తుంది. అది పొరపాటు కాదు. దస్తావేజు చేతులు మారుతుంది, ప్రతి చేతిలో చెల్లుబాటు వేరు. విమర్శకుడు పుట్టుక చెప్పి ఆగకూడదు, ఇప్పటి అర్థమే అసలైనదని పాతది దాచనూ కూడదు. ప్రతి చేతినీ వరుసగా పేర్కొనాలి. 2024 జూలై 26న ఒలింపిక్ ఆటల ప్రారంభోత్సవంలో దాదాపు రెండు వందల దేశాల క్రీడాకారులు సేన్ నది మీద పడవల్లో ఊరేగారు. బయటివాడి సరుకును జప్తు చేసిన నది అది. ఆ సంగతి తెలిసినవాడికి ఆ ఊరేగింపు ఇంకా బాగా అర్థమవుతుంది.

మన సంగతి

బరంపురంలో, షోలాపూరులో, కోయంబత్తూరులో, హోసూరులో, యానాంలో పెరిగిన మీకు ఈ చర్చ ఇంకో కారణం చేత దగ్గరది. మనం ఊరు దాటి తరాలైనా కొన్ని గుర్తులు మోసుకొచ్చాం. ఇంటిపేరు అలాంటిదే. ఎన్నో ఇళ్ళలో ఇంటిపేరు ఒక ఊరి పేరు. ఆ ఊరు ఎక్కడుందో ఇంట్లో ఎవరికీ తెలియదు. కొన్నిచోట్ల అది సర్టిఫికెట్ మీద ఒక్క అక్షరంగా మిగిలింది, కొన్నిచోట్ల అదీ పోయి పెళ్ళి సంబంధాలప్పుడే బయటికి వస్తుంది. కులసంఘాల భవనాల మీద, మగ్గం పనివారి సంఘాల ముద్రల మీద, గుడి గోపురాల మీద ఉన్న గుర్తులూ ఇలాంటివే. వాటికి అందమైన కథలు చెప్పుకుంటాం. రాజు ఇచ్చాడంటాం, దేవుడు కలలో కనిపించాడంటాం. అవి నిజమా కాదా అన్నది ఒక ప్రశ్న. ఆ గుర్తు మొదట ఏ పని చేసింది, ఎవరిని చేర్చుకుంది, ఎవరిని బయట నిలబెట్టింది అన్నది ఇంకో ప్రశ్న. రెండో ప్రశ్న అడగడానికి కొంచెం ధైర్యం కావాలి, ఎందుకంటే జవాబు ఎప్పుడూ మనకు పొగడ్తగా ఉండదు. పారిస్ నావ జవాబూ పొగడ్త కాదు. అయినా ఆ జవాబు తెలిసినంత మాత్రాన చిహ్నం చిన్నబోలేదు.

అందువల్ల ఈ సెలవుల్లో ఒక పని చేయమని విద్యార్థులను కోరుతున్నాను. మీ ఊళ్ళో ఒక గుర్తును ఎంచుకోండి. పురపాలక సంఘం ముద్ర కావచ్చు, మీ పెద్దలు కట్టిన సత్రం గుమ్మం మీది బొమ్మ కావచ్చు, మీ ఇంటిపేరే కావచ్చు. అది దేని మీద వేశారు, ఎవరు వేశారు, ఎవరిని ఆపడానికో ఎవరిని పిలవడానికో వేశారు, తరువాత ఎవరు దిద్దారు, ఈనాడు దాన్ని ఎవరు ఏ అవసరానికి వాడుతున్నారు అని అడిగి రాసుకోండి. పెద్దవాళ్ళు చెప్పే కథ కూడా రాసుకోండి, కాని వేరే పేజీలో. రంగుల అర్థాల పట్టిక మాత్రం వేయకండి. మీ వ్యాసాలు వచ్చాక ఈ చర్చను పారిస్ దగ్గర వదిలి మన ఊళ్ళ దగ్గర కొనసాగించవచ్చు.